అంకెలు నీవి, పేర్లు నావి

వంటపాక దగ్గర నిలబడ్డ అక్కలారా, చెల్లెళ్ళారా. పళ్ళేలు పట్టుకుని, భుజాన తువ్వాళ్ళేసుకుని గుమ్మాల్లో నిలబడ్డ తమ్ముళ్ళారా. ముందు మీకు నా నమస్కారం. తరవాత పాస్టరు గారికి. ఆ తరవాత, చాపల మీద కూర్చున్న ఊరి పెద్దలకి.

పెద్దలు నన్ను మన్నించాలి. మన పద్ధతి నాకు తెలియక కాదు. ముందు మిమ్మల్ని పిలవాలి, ఒక్కొక్కరి బిరుదూ చెప్పాలి, వంశం చెప్పాలి. అన్నీ అయ్యాక, టైముంటే, వడ్డించేవాళ్ళని ఒక మాట తలుచుకోవాలి. నలభై ఏళ్ళుగా నేనూ అలాగే మాట్లాడాను. ఈ రోజు మాత్రం వెనకనుంచి మొదలుపెడుతున్నాను. ఎందుకో చెబుతాను. మధ్యలో తడబడితే ఓపిక పట్టండి, మళ్ళీ అందుకుంటాను.

మొయెలంగి పోయింది.

మన దీవి ఆసుపత్రి పెద్ద నర్సు మొయెలంగి, పెసామినో భార్య, గురువారం పొద్దున పది గంటలకి పోయింది. ఇరవై ఆరేళ్ళు తను తిరిగిన వార్డులోనే, కిటికీ పక్క మంచం మీద. యాభై రెండేళ్ళు. ఈ హాల్లో ఆమె చేతి సూది తగలని చెయ్యి ఒక్కటైనా ఉందా? ఉంటే ఎత్తండి. చూస్తాను.

లేదు కదా. మీ పిల్లలకీ ఆమే, మీ పిల్లల పిల్లలకీ ఆమే. నేను మీ అందరికీ తెలిసినవాణ్ణే, ఔకుసోని, ఆసుపత్రి వెనక గదిలో రక్తాలు పరీక్ష చేసేవాణ్ణి. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం అని నా వెనకాల అంటారు. మొయెలంగి నా మొహం మీదే అనేది. మాటలు నాకు పెద్దగా రావు, అంకెలు వస్తాయి. అందుకని అంకెలతోనే చెబుతాను.

అరవై. మన ఆసుపత్రిలో జీతం తీసుకునే వాళ్ళం అరవై మందిమి. డాక్టరమ్మ నుంచి గేటు దగ్గర కాపలా పెద్దాయన దాకా. కోవిడ్ టీకా రెండో డోసు అందరం ఒకే వారంలో వేసుకున్నాం, గుర్తుందా? ఆ వారం వంటపాకలో పందిని కూడా కోశారు, మీకు టీకా గుర్తులేకపోయినా పంది గుర్తుండే ఉంటుంది. అప్పుడు డాక్టరమ్మ ఒక ప్రశ్న వేసింది. ఈ రక్షణ మన ఒంట్లో ఎన్నాళ్ళుంటుంది? రోగి మొదట ఊపిరి వదిలేది మన మొహం మీదే కదా, మనలో అది ఎప్పుడు తగ్గడం మొదలుపెడుతుందో తెలుసుకోవాలి కదా, అంది. సరేనన్నాం. నెలకోసారి, మొదటి మంగళవారం, అరవై మంది రక్తం. తీసేది మొయెలంగి. అందులో ఆ రక్షణ ఎంతుందో లెక్క చూసేది నేను, అంకె పెద్దదైతే రక్షణ ఎక్కువ.

మొదటి నెల అంకెలు బయటికొచ్చాయి. ఏం జరిగిందో తెలుసు కదా? ఇక్కడ నవ్వుతున్న వాళ్ళకి బాగా తెలుసు. అంబులెన్స్ నడిపే కుర్రాడి అంకె, వాళ్ళ పెదనాన్న అంకె కన్నా ఎక్కువొచ్చింది. ఆ పెదనాన్నే మన గేటు కాపలా పెద్దాయన, బిరుదున్న మనిషి. ఇక చూడండి. మేనల్లుళ్ళూ కొడుకులూ రెండు జట్లు. "మా పెద్దాయన రక్తం ఆ పోరగాడి రక్తానికి తీసిపోయిందా?" అని నా ల్యాబు కిటికీ ముందు గోల. పెద్దాయన రెండు రోజులు అన్నం మానేశాడు. మళ్ళీ పరీక్ష చెయ్యి, ఈసారి కుడి చేతినించి తియ్యి అన్నాడు. తప్పు ఎవరిది? నాది. నా నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున నా చెవిన పడింది మధ్యాహ్నానికి ఫెర్రీ ఎక్కి అవతలి దీవిలో దిగుతుంది.

అప్పుడు మొయెలంగి నా గదికొచ్చింది. కుర్చీలో కూర్చోలేదు, ఆవిడ ఎక్కడా కూర్చోదు కదా. నిలబడే చెప్పింది. "అన్నా, ఇక నుంచి గొట్టాల మీద పేర్లుండవు. ఒకటి నుంచి అరవై దాకా నంబర్లుంటాయి. ఏ నంబరు ఎవరిదో నా పుస్తకంలో ఉంటుంది, పుస్తకం నా సంచిలో ఉంటుంది. అంకెలు నీవి, పేర్లు నావి. ఎవరికైనా తగ్గితే నువ్వు నంబరు చెప్పు, మనిషికి నేను చెబుతాను." అబ్బ, ఎంత తెలివైన మాట అనుకున్నాను. ఊళ్ళో గొడవ ఆ పూటతో సద్దుమణిగింది. పెద్దాయన అన్నం తిన్నాడు. ఆ ఏర్పాటుని నేనే అందరికన్నా ఎక్కువ మెచ్చుకున్నాను. ఈ రోజు ఆ మెప్పుకి సిగ్గుపడుతున్నాను.

మూడు నెలలు బాగానే గడిచాయి. నాలుగో నెల అంకెలు జారడం మొదలైంది. అందరివీ. అయిదో నెలకి ఇంకాస్త. భయపడకండి, అంకె తగ్గితే రక్షణ మొత్తం పోయినట్టు కాదు, ఒళ్ళు కొంత గుర్తుపెట్టుకుంటుంది అని డాక్టరమ్మ చెప్పింది. కానీ కొందరిలో తొందరగా పడిపోతోంది. వయసున్న వాళ్ళలో, షుగరున్న వాళ్ళలో; నంబరు పక్కన యాభై దాటారో లేదో, షుగరుందో లేదో మాత్రం రాసి ఉండేది. అందరికన్నా కింద ఒక నంబరు. ముప్పై మూడు.

ముప్పై మూడో గొట్టం నాకు మొదట్నుంచీ చిరాకే. ఎప్పుడూ సగమే నిండి వచ్చేది. "ఈ ముప్పై మూడు నుంచి రక్తం తీసేటప్పుడు నీకేమైనా నిద్రొస్తుందా?" అని మొయెలంగిని అడిగాను. "నరం దొరకదన్నా, మొండిది" అంది. అంతే, నేను మరిచిపోయాను.

ఏడో నెలలో మూడో డోసు వచ్చింది. ఫెర్రీలో, ఐస్ పెట్టెలో. ఆరు సీసాలు. ఒక్కో సీసాలో పది. ఆరు పదులు అరవై. మనం అరవై మందిమి. లెక్క ఇంత చక్కగా ఎప్పుడైనా కుదిరిందా? నేను గర్వంగా ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించాను, పెద్ద అక్షరాలతో. ఒక్క చుక్క కూడా వృథా కాకూడదు అని. అంతకు ముందు ఎప్పుడో రెండు డోసులు పారబోశారని డాక్టరమ్మకి మూడు పేజీల ఉత్తరం కూడా రాసిన ఘనుణ్ణి నేను. సీసా తెరిస్తే ఆ పూటే అయిపోవాలి. పది మంది పోగవకపోతే తెరవకూడదు. ఆ రూల్ని నేను ఎలా పట్టుకు వేలాడానో నర్సులనడగండి.

ఎనిమిదో నెల అంకెలు చూశాను. పండగలాగా ఉంది. అన్నీ పైకి లేచాయి. నలభై రెండు లేచింది, పదకొండు లేచింది, ఏ అంకె చూసినా మొదటి నెలలకన్నా మీదే. ఒక్కటి తప్ప. ముప్పై మూడు ఇంకా కిందికి జారింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ కోకో కప్పు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నేను అడిగాను. "ముప్పై మూడు డోసు వేసుకోలేదా?"

"లేదన్నా."

"చెప్పావా?"

"చెప్పాను. వినదు."

"తిట్టు."

"తిట్టాను కూడా. సీసాలో మిగిలిన రోజున వేసుకుంటానంటోంది."

నాకు కోపం వచ్చింది. అన్నాను, అమ్మా, ఈ నోటితోనే అన్నాను. "ఆ ముప్పై మూడు ఎవత్తో గానీ దానికి బుర్ర లేదు. షుగరు పెట్టుకుని, ఇంత కింది అంకె పెట్టుకుని, రోగుల మధ్య తిరుగుతోందా? నాకు కనిపిస్తే చెంప వాయిస్తాను." మొయెలంగి నవ్వింది. ఎలా నవ్విందనుకున్నారు? బల్ల పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. "నిజమేనన్నా, బుర్ర తక్కువదే. నీ మాటగా చెబుతాలే" అంది. కప్పు తీసుకుని వెళ్ళిపోయింది. మరి ఆ అరవయ్యో డోసు ఏమైందని అడగడం నాకు తట్టలేదు.

తొమ్మిదో నెల అడిగాను, ముప్పై మూడుకి చెప్పావా? చెప్పానన్నా. పదో నెల అడిగాను, ముప్పై మూడుకి చెప్పావా? చెప్పానన్నా, ఈ శనివారం ఊరివాళ్ళకి సీసా తెరుస్తున్నాం, పదిలో ఒకటి మిగిలితే వేసుకుంటుంది. సరే, ఒక్క చుక్క వృథా కాకుండా చూడు, అన్నాను. ఆ మాట అన్నది నేనే.

ఆ శనివారం మిగల్లేదు. పై శనివారమూ మిగల్లేదు. ఆ తరవాత కోవిడ్ జ్వరం మన దీవికి వచ్చింది.

వార్డు నిండిన రోజులు మీకు నేను చెప్పక్కర్లేదు, మీలో సగం మంది ఆ మంచాల మీదే ఉన్నారు. మీ నోట్లో నీళ్ళు పోసింది ఎవరు? మీ అమ్మకి తల దువ్వింది ఎవరు? "లేవే ముసలిదానా, నీ చర్చి పాట నువ్వు పాడకపోతే ఆ గొంతు బొంగురుది పాడేస్తుంది" అని మన పాటల అక్కని నవ్వించి ఊపిరి తీయించింది ఎవరు? తొమ్మిదో రోజు ఆవిడే మంచం మీద పడింది. అయిదు రోజులుంది. పక్క మంచం మనిషికి తలగడ సరిగ్గా లేదని అక్కణ్ణించే సైగ చేసింది.

ఆక్సిజన్ పెట్టే ముందు సంచిలోంచి పుస్తకం తీసి పెసామినోకి ఇచ్చిందట. "ఇది ఔకుసో అన్నకి ఇవ్వు. ఇప్పుడు కాదు. తరవాత" అందట. శుక్రవారం పొద్దున పెసామినో నా చేతిలో పెట్టాడు. పిల్లలు బడికి పట్టుకెళ్ళే మామూలు నోటు పుస్తకం. తెరిచాను. ఒకటి నుంచి అరవై దాకా పేర్లు. ప్రతి పేరు పక్కనా మూడో డోసు వేసిన తారీఖు. ముప్పై మూడు దగ్గర తన పేరు. తారీఖు ఉండాల్సిన చోట తన చేతి రాతతో ఒక్క మాట. మిగిలితే.

మిగిలితే.

మరి ఆరు సీసాలు, అరవై మంది, లెక్క సరిపోయింది కదా? ఎక్కడ తప్పింది? ఆ సంగతి నిన్న సోసెఫినా చెప్పింది. సోసెఫినా, అక్కడే ఉండమ్మా, దాక్కోకు. నిన్నెవరూ ఏమీ అనరు. మీ అందరికీ తెలుసు, సోసెఫినా మన వార్డులు కడుగుతుంది. రోజు కూలీకి వస్తుంది, జీతం పట్టీలో లేదు. అందుకని మా అరవైలో లేదు. మా పరీక్షలో లేదు. రోగుల ఉమ్ము కడిగే మనిషి మా లెక్కలోనే లేదు! అంత గొప్ప లెక్కల మనిషిని నేను.

ఆరో సీసా చివరి డోసు సూదిలోకి ఎక్కించి మొయెలంగి తన చొక్కా చెయ్యి పైకి మడుచుకుందట. అప్పుడే సోసెఫినా బకెట్టుతో లోపలికి వచ్చిందట. "అమ్మగారూ, మా లాంటి వాళ్ళకి కూడా వేస్తారా?" అని అడిగిందట. అడిగి సిగ్గుపడి వెనక్కి తిరిగిందట. మొయెలంగి తన చెయ్యి కిందికి దించుకుని, "నీకోసమే చూస్తున్నానే, ఇంత ఆలస్యమా? కూర్చో" అందట. తడి చేతిని తన చొక్కా అంచుతో తుడిచి వేసిందట. సోసెఫినాకి జ్వరం వచ్చింది, మూడు రోజుల్లో తగ్గింది. ఇదిగో, మన కళ్ళ ముందు నిలబడి ఉంది. నువ్వు బతికి ఉండాలమ్మా. చాలా కాలం బతకాలి. ఆవిడ ఇచ్చింది వృథా కాకూడదు. ఒక్క చుక్క కూడా.

ఆ డోసు వేసుకుని ఉంటే మొయెలంగి బతికేదా? నన్ను చాలా మంది అడిగారు. నాకు తెలియదు. డాక్టరమ్మకీ తెలియదు. బతికేదేమో అనే మాట ఒక్కటి చాలు, నాకు ఈ జన్మకి నిద్ర లేకుండా చెయ్యడానికి.

కానీ నన్ను కాల్చేది అది కూడా కాదు. ఆ పుస్తకం మూసి, ల్యాబులోకి వెళ్ళి, గొట్టాలు నిలబెట్టే పాత చెక్క ముందు కూర్చున్నాను. రక్తం తీసే ప్రతి మంగళవారం ఆవిడ ఆ చెక్కలో గొట్టాలు పెట్టేది రక్తం తీసిన వరసలో. నంబర్ల వరసలో కాదు. నంబర్లు పెట్టాక తొమ్మిది నెలలు, ప్రతి నెలా, అరవయ్యో చోట, అందరికన్నా చివర, ఏ నంబరు ఉండేదో తెలుసా? ముప్పై మూడు. ఎప్పుడూ ముప్పై మూడే. అందరికీ తీశాక, తన చేతికి తనే, ఒంటి చేత్తో సూది గుచ్చుకుంటే గొట్టం సగం కాక ఇంకేం నిండుతుంది?

పెద్దలారా, నేను పరాయి దేశస్థుణ్ణా? ఈ దీవిలో పుట్టలేదా? మన ఇళ్ళలో అందరూ తిన్నాక, పళ్ళేలు తీశాక, ఈగలు తోలాక, చివర్న తినేది ఎవరు? అయిదేళ్ళ పిల్లనడిగినా చెబుతుంది, వడ్డించేవాళ్ళే అని. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. నిజమే, మనకి వడ్డించేది మనదే, ఏ బంతిలో కూర్చున్నా మన పళ్ళెం నిండింది. మరి వడ్డించేదాని పళ్ళెం? తొమ్మిది నెలలు ఆ చివరి గొట్టం నా కళ్ళ ముందుంది. అంకె చూశాను. వరస చూడలేదు. చూసి ఉంటే ఒక్క క్షణంలో తెలిసేది, అది ఎవరిదో.

అందుకని ఈ రోజు తెల్లవారుతుండగా నేను పెసామినో ఇంటికి వెళ్ళాను. మా అమ్మ అల్లిన సన్న చాప ఒకటే ఉంది నాకు. తప్పు ఒప్పుకుని మన్నింపు అడిగే మన పద్ధతిలో అది తలమీద కప్పుకుని ఆ ఇంటి ముందు గులకరాళ్ళ మీద తల వంచుకుని కూర్చున్నాను. ఆ చాప ఎవరైనా తీసి క్షమిస్తారో, అసలు తీస్తారో లేదో తెలియకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో మీలో పెద్దవాళ్ళకి తెలుసు. ఎండ ఎక్కేదాకా ఉందామనుకున్నాను. రేపటి దాకా ఉందామనుకున్నాను.

పెసామినో వెంటనే వచ్చాడు. పళ్ళు కూడా తోముకోలేదు. చాప తీసేసి నా పక్కనే రాళ్ళ మీద చతికిలబడ్డాడు. తరవాత అన్నాడు, "అన్నా, నువ్వు తొమ్మిది నెలలు చూడలేదు. నేను దానితో ముప్పై ఏళ్ళు కాపురం చేశాను. అది తినేటప్పుడు దాని పళ్ళెంలో ఏముందో ఒక్కనాడు చూడలేదు. చేప తోకలు తినేది. తోకలంటే ఇష్టం అనుకున్నాను. చెప్పు, నేను ఎవరింటి ముందు కూర్చోవాలి?"

దీనికి జవాబు మీ దగ్గర ఉందా? ఈ చాపల మీద కూర్చున్న మనలో ఎవరి దగ్గరైనా ఉందా?

చెల్లెమ్మా, నీతో ఒక మాట. చెంప వాయిస్తానన్నాను. బుర్ర లేదన్నాను. నువ్వు నవ్వావు. నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే, అన్నా అది నేనేరా అని ఒక్కసారి అరిచి ఉంటే, తొమ్మిది డోసులు నేలపాలైనా సీసా తెరిచేవాణ్ణి. తెరిచేవాణ్ణా? తెరిచేవాణ్ణనే అనుకుంటున్నాను. నీకు మాత్రం ఆ నమ్మకం లేకపోయింది. ఫ్రిజ్ తలుపు మీద నా కాగితం చూస్తూ ఎలా కలుగుతుంది? నిన్న ఆ కాగితం చింపేశాను. నీకు పనికిరాలేదు.

ఇక అయిపోవచ్చింది. ఆ కిటికీ కింద ఐస్ పెట్టె ఉంది, దాని పక్కన డాక్టరమ్మ ఉంది. రెండు సీసాలున్నాయి. పాస్టరు గారూ, ఊరి పెద్దలూ పొద్దున ఒప్పుకున్నారు. భోజనాల ముందు, వంటపాకలో పొయ్యి దగ్గరున్న వాళ్ళూ, పళ్ళేలు మోసేవాళ్ళూ, వార్డు కడిగేవాళ్ళూ, డోసు బాకీ ఉన్నవాళ్ళు ముందు వస్తారు. పది మంది అయ్యారా అని ఎవరూ లెక్కపెట్టరు. ఒక్కరొచ్చినా సీసా తెరుస్తారు. ఆ తరవాత అదే వరసలో భోజనం. టారో దుంపలు చల్లారిపోతాయని గొణిగే పెద్దలెవరైనా ఉంటే, నా దగ్గరికొచ్చి గొణగండి.

మంగళవారం రక్తం తీస్తాం. మానం. ఈసారి అరవై ఒకటి ఉంటాయి, సోసెఫినాతో కలిపి. ముప్పై మూడు ఎవరికీ ఇవ్వం. చెక్కలో మొదటి చోట ఆ గొట్టం పెడతాం, ఖాళీగా.

ఇప్పుడు ఆమె కోసం రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. కానీ ఒక మనవి. గుమ్మాల్లో నిలబడ్డ తమ్ముళ్ళారా, పళ్ళేలు కింద పెట్టండి. వంటపాక దగ్గరున్న అక్కలారా, లోపలికి రండి. పొద్దున్నుంచి నిలబడే ఉన్నారు. పుట్టిన దగ్గర్నుంచి నిలబడే ఉన్నారు. పెద్దలు లేస్తున్నారు, ఆ చాపలు ఖాళీ చేస్తున్నారు. మీరు వచ్చి కూర్చోండి. సోసెఫినా, ముందు నువ్వు కూర్చో.

కూర్చున్నారా? ఇక మిగతావాళ్ళం అందరం లేచి నిలబడదాం.